బస్తాకి ఎంత పడ్డాది?

మా మావయ్యగారు ఏ లెక్కయినా చివరిదాకా వినరు. ఓషన్ ఫ్రైట్ (ఓడ కిరాయి) ఇంత, టీహెచ్‌సీ (పోర్టులో డబ్బా ఎత్తి దింపే కూలి) ఇంత, డీఓ (సరుకు మనకి అప్పగించమని ఓడవాళ్లిచ్చే డెలివరీ ఆర్డరు) చార్జీలు ఇంత అని నేను కాగితం చదువుతూంటే వాలుకుర్చీలోంచి చెయ్యెత్తి ఆపేస్తారు. "అదంతా నాకెందుకమ్మా? బస్తాకి ఎంత పడ్డాది? అది సెప్పు."

మొదట్లో చిరాకేసేది. ఆఫ్రికా నుంచి జీడిపిక్కలు తెచ్చే నలభై అడుగుల కంటైనరు, డాలర్లు, నలభై రోజుల ప్రయాణం... ఇదంతా ఆయన ఒక్క ప్రశ్నలోకి కుక్కేస్తారేంటి అనిపించేది. ఇప్పుడు నేను కూడా అదొక్కటే చూస్తాను. కొన్నాళ్ల కిందట టెక్కలి నుంచి ఒకాయన ఫోన్ చేసి, "మేడమ్, బయటి నుంచి మిషన్లు తెప్పించుకుంటున్నాను, ఓడ ఖర్చు ఎలా తగ్గించాలి?" అని అడిగారు. గంటసేపు మాట్లాడాను. ఫోన్ పెట్టేశాక, ఇంత వాగినదాన్ని రాసి పెడితే ఇంకెవరికైనా పనికొస్తుంది కదా అనిపించింది.

శ్రీకాకుళం జిల్లాలో పలాసని ఆనుకున్న కాశీబుగ్గలో మాది చిన్న జీడి యూనిట్. బాయిలింగు, కటింగు, బోర్మా (పప్పు ఆరబెట్టే వేడి గది), కూలీల సంగతి మా ఆయన చూసుకుంటారు. కాగితాలు, బ్యాంకు, ఫోన్లు నావి. ఒకప్పుడు మా చుట్టుపక్కల ఉద్దానం తోటల పిక్కలతోనే మాకు ఏడాదిలో చాలా భాగం గడిచిపోయేది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చి ఒక్క రాత్రిలో తోటలు పడుకోబెట్టేసింది. జీడిచెట్టు మళ్లీ కాపుకి రావాలంటే ఏళ్లు పడుతుంది. అన్నాళ్లు పప్పు ఒలిచే ఆడవాళ్లని ఇంటికి పొమ్మనలేం కదా. అలా ఆఫ్రికా పిక్కల మీద పడ్డాం. మొదట పెద్ద వ్యాపారుల దగ్గర హై సీ సేల్‌లో కొనేవాళ్లం, అంటే సరుకు ఇంకా సముద్రం మీద ఉండగానే వాళ్ల పేరు నుంచి మన పేరుకి మారుతుంది. అందులో తలనొప్పి తక్కువ, వాళ్ల లాభం ఎక్కువ. మూడేళ్లకి ధైర్యం చేసి సొంతంగా తెప్పించడం మొదలుపెట్టాం.

నా మొదటి తెలివితేటల కథ చెప్తాను. టాంజానియా సరుకు, రెండు కంటైనర్లు. అక్కడ కోత అక్టోబరులో మొదలవుతుంది కాబట్టి ఆ సరుకు మనకి చేరేసరికి పుష్యమాసం. ధర సీ అండ్ ఎఫ్ విశాఖపట్నం, అంటే ఓడ కిరాయి అమ్మేవాడే కట్టి ధరలో కలిపేస్తాడు. నేను పది రోజులు వాట్సాప్‌లో బేరమాడి కంటైనరుకి 100 డాలర్లు తగ్గించాను. రెండింటికి 200. డాలరు 85 రూపాయల చొప్పున లెక్కేసుకుంటే 17 వేలు. ఆ రోజు మా ఆయనకి చెప్పుకుని ఎంత మురిసిపోయానో!

ఓడ జనవరి మొదటి వారంలో విశాఖలో దిగింది. ఫ్రీ డేస్ 14. అంటే కంటైనరు దిగిన రోజు నుంచి 14 రోజుల్లోగా సరుకు తీసుకుని ఖాళీ డబ్బా వాళ్ల యార్డుకి తిరిగి అప్పగించాలి, దాటితే రోజుకింత డిటెన్షన్. చాలామంది మొదటిసారి పొరబడేది ఇక్కడే. పోర్టు నుంచి బండి కదిలితే మీటరు ఆగిపోతుందనుకుంటారు. ఆగదు. కంటైనరు పలాస వచ్చి, బస్తాలు దిగి, మళ్లీ దాదాపు రెండు వందల కిలోమీటర్లు వెనక్కి వెళ్లి యార్డు గేటు దాటేదాకా తిరుగుతూనే ఉంటుంది.

కాగితాలేమో బ్యాంకు ద్వారా రావాలి. అమ్మేవాడు తన బ్యాంకులో ఆలస్యంగా ఇచ్చాడు, అక్కడి నుంచి కొరియర్, అక్కడి నుంచి మా బ్రాంచి. ఇన్‌వాయిసులో బరువు ఒకటి, బిల్ ఆఫ్ లేడింగ్‌లో (సరుకు ఎక్కించుకున్నట్టు ఓడవాళ్లిచ్చే కాగితం) బరువు ఇంకొకటి. అది దిద్దించేదాకా బిల్ ఆఫ్ ఎంట్రీ (దిగుమతి సరుకుకి కస్టమ్స్‌లో వేసే కాగితం) వెయ్యొద్దులే అనుకుని నేనే ఆపాను. అది నా తప్పు. ఓడ వచ్చే ముందు రోజుకే అది వేసి ఉండాలన్నది 2021 నుంచి ఉన్న రూలు. ఆలస్యమైతే మొదటి మూడు రోజులు రోజుకి 5,000, ఆ తర్వాత రోజుకి 10,000. నాలుగు రోజులు ఆలస్యం, 25,000 అక్కడే పోయింది.

ఒరిజినల్ కాగితాలు చేతికొచ్చేసరికి భోగి. తర్వాత సంక్రాంతి, కనుమ, ముక్కనుమ. బ్యాంకు లేదు. ట్రైలరు డ్రైవర్లు ఊళ్లకి వెళ్లిపోయారు. హమాలీ మేస్త్రికి ఫోన్ చేస్తే వెనకాల కోడిపుంజుల గోల, "పండగ నాలుగు రోజులూ మనిషి దొరకడమ్మా" అన్నాడు. దొరకడని నాకూ తెలుసు. సంక్రాంతికి శ్రీకాకుళం జిల్లాలో 80 కిలోల బస్తా మోసే మనిషిని వెతకడమంటే, అమావాస్య నాడు చంద్రుణ్ణి వెతకడమే.

ఖాళీ కంటైనర్లు యార్డు చేరింది ఇరవై ఏడో రోజున. 13 రోజులు ఎక్కువ. రోజుకి 50 డాలర్ల చొప్పున రెండింటికి 1,300 డాలర్లు, అంటే లక్షా పదివేల ఐదొందలు. సీఎఫ్ఎస్‌లో (పోర్టు నుంచి కంటైనర్లు తెచ్చి ఉంచే యార్డు) గ్రౌండ్ రెంటు ఒక నలభై వేలు. ముందు చెప్పిన పాతిక వేలు. మొత్తం 1,75,500. సరుకు 50 టన్నులు, అంటే 625 బస్తాలు.

మావయ్యగారికి చెప్పాల్సిన లెక్క ఇదీ: బేరమాడి బస్తాకి 27 రూపాయలు మిగిల్చాను, పండగ చేసుకుని 281 రూపాయలు పోగొట్టాను.

ఆయన ఏమీ అనలేదు. "మరి ఆ 27 కోసం పది రోజులు ఫోనెందుకమ్మా గీకినావు?" అని మాత్రం అడిగారు.

అప్పటి నుంచి బుకింగ్ అప్పుడు నా బేరం మారిపోయింది. ముందు ఫ్రీ డేస్ అడుగుతాను, తర్వాతే రేటు. 14 బదులు 21 రోజులు రాయించుకోవడం బుకింగ్ సమయంలో అంత కష్టం కాదు, ఎందుకంటే అప్పుడు లైను వాళ్లకి, అంటే ఓడ కంపెనీకి, మన సరుకు కావాలి. ఓడ దిగాక అడిగితే ఎవరూ మాట వినరు, అప్పుడు మనకే వాళ్ల డీఓ కావాలి కదా! మా పక్క వీధిలో ఇంకో ఇద్దరు యూనిట్ల వాళ్లతో కలిసి ఇప్పుడు ఒకేసారి బుక్ చేస్తున్నాం. బిల్ ఆఫ్ లేడింగ్‌లు ఎవరివి వాళ్లవే, కానీ అడిగేటప్పుడు ఐదారు కంటైనర్ల గొంతుతో అడుగుతాం. ఒక్క డబ్బా వాడి మాటకీ ఆరు డబ్బాల వాడి మాటకీ తేడా ఉంటుంది. పప్పు అమ్మేదగ్గర మేం ముగ్గురం పోటీదారులమే, అది వేరే సంగతి.

సీ అండ్ ఎఫ్ కాకుండా ఎఫ్‌ఓబీలో, అంటే ఓడ మనమే మాట్లాడుకుని కిరాయి మనమే కట్టేలా, కొనాలని కూడా అప్పుడే తెలిసింది. అమ్మేవాడు ఓడ ఎంచుకుంటే తనకి చవకైన ఓడ ఎంచుకుంటాడు, మనకి చవకైనది కాదు. కిరాయి తక్కువ చూపించి, ఆ తగ్గించిందంతా విశాఖలో వాళ్ల ఏజెంటు డీఓ చార్జీలనీ, హ్యాండ్లింగనీ, డాక్యుమెంటేషననీ మన దగ్గర రాబట్టుకోవడం చాలాసార్లు చూశాను. ఎఫ్‌ఓబీ అయితే ఇక్కడి చార్జీలతో సహా మొత్తం కొటేషన్ ముందే అడగొచ్చు. నేను రాతపూర్వకంగా, కంటైనరు మా గోడౌన్ నుంచి ఖాళీగా తిరిగి వెళ్లేదాకా అయ్యేదంతా రాసి పంపమంటాను. పంపనివాళ్లని వదిలేస్తాను.

ఎఫ్‌ఓబీకి ఒక మెలిక ఉంది. కస్టమ్స్ వాళ్లకి ఓడ కిరాయి ఎంతో కాగితం చూపించాలి. చూపించకపోతే సరుకు ఎఫ్‌ఓబీ విలువలో 20 శాతం కిరాయి అని వాళ్లే వేసేసుకుంటారు, ఇన్సూరెన్సు కాగితం లేకపోతే దానికి 1.125 శాతం. లెక్క చూడండి. టన్ను 1,550 డాలర్లు, 25 టన్నులు, అంటే 38,750 డాలర్లు. అందులో 20 శాతం 7,750. నిజంగా కట్టిన కిరాయి 2,000 అనుకుంటే, కట్టని 5,750 డాలర్ల మీద సుంకం కడుతున్నామన్నమాట. పచ్చి పిక్కల మీద సుంకం 2018 బడ్జెట్లో ఐదు నుంచి రెండున్నర శాతానికి తగ్గింది కాబట్టి సరిపోయింది, అయినా కంటైనరుకి పన్నెండు వేలు పైనే. ఐజీఎస్‌టీ (దిగుమతి మీద కట్టే జీఎస్టీ) అయితే తర్వాత క్రెడిట్‌లో తిరిగొస్తుంది. సుంకం రాదు. ఒక్క ఫ్రైట్ సర్టిఫికెట్ ఫైల్లో పెట్టడం మర్చిపోతే బస్తాకి 39 రూపాయలు.

ఇప్పటిదాకా చెప్పినవి కాగితాల్లో కనపడే నష్టాలు. ఏ బిల్లులోనూ రానివి ఇంకొన్ని ఉన్నాయి.

2024లో ఐవరీ కోస్ట్ నుంచి ఒక కంటైనరు తెప్పించాం. ఎర్రసముద్రంలో ఓడల మీద దాడుల వల్ల పెద్ద లైన్లు చాలావరకు సూయజ్ వదిలేసి గుడ్ హోప్ అగ్రం చుట్టూ తిరుగుతున్న రోజులు. కిరాయిలు పైకీ కిందకీ ఊగుతున్నాయి. ఒక లైను వాళ్లు నలభై రోజుల్లో తెస్తామన్నారు, ఇంకొకరు 200 డాలర్లు తక్కువకి, కానీ రెండు చోట్ల ఓడ మారుతుందన్నారు. నేను 200 డాలర్ల వైపే మొగ్గాను. బుద్ధి ఒక్కసారితో రాదు.

అరవై రెండో రోజున డబ్బా విశాఖ చేరింది. మధ్యలో ఒక పోర్టులో పద్దెనిమిది రోజులు ఎండకీ వానకీ పడి ఉంది. పలాసలో సీలు తెంచి తలుపు తీయగానే ముక్కుకి తగిలింది. మంచి పిక్కకి ఒక పొడి వాసన ఉంటుంది, ఎండిన గడ్డివాములా. ఇది అది కాదు. తడిసిన గోనె, బూజు కలిసిన వాసన. కంటైనరు పైకప్పు లోపలి వైపు నీటి బొట్లు వరసగా వేలాడుతున్నాయి, చీకట్లో టార్చి వేస్తే మెరిశాయి. పిక్కలో ఉన్న తేమే పగటి వేడికి ఆవిరై, రాత్రి చల్లబడిన రేకుకి తగిలి నీళ్లై, మళ్లీ పిక్క మీదే కురుస్తుంది. కంటైనర్లో వాన అంటారు దీన్ని. గోడలకి కట్టిన క్రాఫ్ట్ పేపరు పైభాగం ఊడి వేలాడుతోంది. తేమ పీల్చే సంచులు నాలుగే నాలుగు వేలాడదీశాడు మహానుభావుడు, అవీ ఉబ్బిపోయి కారుతున్నాయి.

"పై వరస బస్తాలు నల్లబడినాయమ్మా" అన్నాడు మేస్త్రి. ఒక బస్తాలోంచి కిలో పిక్కలు తీసి అక్కడే కత్తెర మీద కోయించాను. కిలోకి 196 పిక్కలు, లెక్క బాగుంది. కానీ కోస్తూంటే గిన్నెలో పక్కన పడేసేవి పెరిగిపోతున్నాయి: మచ్చ పడ్డవి, ముడుచుకున్నవి, లోపల పచ్చగా బూజు పట్టినవి. ఔట్‌టర్న్ 47 పౌన్లు అని కొన్నాం, 45న్నర తేలింది. ఔట్‌టర్న్ అంటే 80 కిలోల బస్తాలో ఎన్ని పౌన్ల పప్పు దిగుతుందని. ఒక పౌను తగ్గితే బస్తాకి 450 గ్రాముల పప్పు పోయినట్టే. పైగా వేబ్రిడ్జి మీద 25 టన్నులకి 360 కిలోలు తక్కువ. నాలుగున్నర బస్తాలు గాల్లో కలిసిపోయాయి. అప్పుడు బస్తా పదకొండు వేల దగ్గరుంది. అంటే యాభై వేలు, 17 వేలు మిగుల్చుకున్నందుకు. పప్పు నష్టం ఇందులో కలపలేదు.

ఇన్సూరెన్సు ఉంది కదా అంటారేమో. ఉంది. కానీ బస్తాలు దించకముందే సర్వేయర్ని పిలవాలి. మేం డిటెన్షన్ భయంతో గబగబా దించేసి, ఆ తర్వాత ఫోన్ చేశాం. ఫొటోలు చూపిస్తే సరిపోతుందనుకున్నాను. సరిపోలేదు.

అందుకని కిరాయి ఎంత అని అడిగే ముందు ఇప్పుడు ఎన్ని రోజులు, ఎన్ని చోట్ల ఓడ మారుతుంది అని అడుగుతాను. అక్కడ లోడింగు అప్పుడు తేమ ఎంత ఉందో మీటరు ఫొటో, క్రాఫ్ట్ పేపరు రెండు పొరలు, డ్రై బ్యాగులు ఎన్ని వేలాడదీశారో ఫొటో. ఇవి వచ్చాకే డబ్బులు కదులుతాయి. ఆ సంచులకయ్యే ఖర్చు బస్తాకి లెక్కేస్తే టీ నీళ్ల ఖరీదు.

కాలం సంగతి కూడా చూసుకోవాలి. పశ్చిమ ఆఫ్రికాలో కోత ఫిబ్రవరిలో మొదలవుతుంది. ఏప్రిల్ వచ్చేసరికి అందరి సరుకూ ఒకేసారి పోర్టు మీద పడి ఖాళీ డబ్బాలు దొరకవు, కిరాయి పెరుగుతుంది. తగ్గేదాకా ఆగుదామంటే అక్కడ వానలు మొదలైపోతాయి, పిక్కలో తేమ పెరుగుతుంది. కాబట్టి మార్చి సరుకుకి నాలుగు డాలర్లు ఎక్కువైనా ఇచ్చి తెచ్చేసుకోవడమే నా పద్ధతి. దీని మీద మా ఆయనకీ నాకూ ఏటా గొడవే. పెట్టుబడి మొత్తం ఒకేసారి ఇరుక్కుపోతుందని ఆయన, వడ్డీ కన్నా బూజు ఖరీదని నేను. బెనిన్ 2024 ఏప్రిల్ నుంచి పచ్చి పిక్క ఎగుమతి ఆపేస్తున్నామని ప్రకటించాక, ఒకే దేశం మీద ఆధారపడకూడదన్న దాంట్లో మాత్రం ఇద్దరం ఒకటయ్యాం.

డబ్బా సైజు గురించి ఒక మాట. జీడిపిక్క తేలికైన సరుకు, చోటు ఎక్కువ తింటుంది. ఇరవై అడుగుల దాంట్లో పదిహేను, పదహారు టన్నులకే నిండిపోతుంది. నలభై అడుగుల హై క్యూబులో పాతిక పడుతుంది, కిరాయేమో రెట్టింపు కాదు. మాకు నలభై అడుగులదే లాభం. టెక్కలి ఆయన మిషన్లకి ఇది తిరగబడుతుంది, ఇనుము బరువు కాబట్టి చోటు నిండకముందే బరువు నిండిపోతుంది. ఎవరి సరుకు వాళ్లు కొలుచుకోవాలి.

ఇక విశాఖ నుంచి పలాసకి. కంటైనరు ఇక్కడికే తెచ్చుకుంటే బస్తా ఒక్కసారే చేతులు మారుతుంది, కానీ ట్రైలరుకి రానూపోనూ కిరాయి, పైన డిటెన్షన్ మీటరు. సీఎఫ్ఎస్‌లోనే విప్పి లారీల్లోకి మారిస్తే ఖాళీ డబ్బా అదే రోజు యార్డుకి పోతుంది, కానీ కొక్కేలకి బస్తాలు చిరిగి పిక్కలు రాలతాయి, రెండుసార్లు కూలి. బస్తాకి లెక్కేస్తే రెండూ ఇంచుమించు ఒకటే. కాబట్టి నేను క్యాలెండరు చూసి తేలుస్తాను: ఫ్రీ డేస్ బాగా మిగిలుంటే పలాస, పండగలు దగ్గర పడితే సీఎఫ్ఎస్. మూలపేట పోర్టుకి 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన చేశారు. అది కంటైనర్లు దింపే రోజొస్తే ఈ పేరా మొత్తం కొట్టేస్తాను.

ఖాళీ డబ్బా తిరిగిచ్చేటప్పుడు లోపల ఊడ్పించి, నాలుగు వైపులా ఫొటోలు తీయించండి. తెచ్చేటప్పుడు కూడా. లేకపోతే ఎప్పటిదో సొట్టకి మీకు బిల్లొస్తుంది.

వజ్రపుకొత్తూరు దగ్గర మా అన్నయ్యకి మూడెకరాల జీడితోట ఉంది. తిత్లీకి సగం పోయింది. నాతో మాట్లాడినప్పుడల్లా ఒక్కటే మాట: "నువ్వు ఓడ ఖర్చు తగ్గించుకున్నకొద్దీ నా బస్తా ధర పడిపోతాదే చెల్లీ." బస్తాకి పదహారు వేలు కావాలని రైతులు రోడ్డెక్కినప్పుడు వాడూ వెళ్లి కూర్చున్నాడు. నేను ఏం సమాధానం చెప్పను? ఉద్దానం పిక్కతో ఏడాదంతా యూనిట్ నడవదు, అది నిజం. ఆఫ్రికా పిక్క చవగ్గా దిగితే ఇక్కడి వ్యాపారులు వాడి ధర నొక్కుతారు, అదీ నిజమే. వాడి సరుకు మాత్రం మేమే కొంటాం, బజారు ధర మీద ఒక వంద ఎక్కువిచ్చి. ఆ వంద ఏ ఖాతాలో రాయాలో నాకిప్పటికీ తెలీదు, రవాణా ఖర్చుల్లో రాసేస్తున్నాను.

ప్రస్తుతం మాది ఒక డబ్బా కొలంబోలో ఓడ మారుతోంది. ఫ్రీ డేస్ 21. ఒరిజినల్స్ అక్కర్లేకుండా టెలెక్స్ రిలీజుకి ఒప్పించాను, బిల్ ఆఫ్ ఎంట్రీ చెక్‌లిస్టు మా సీహెచ్‌ఏ (కస్టమ్స్ పని చూసే ఏజెంటు) నిన్ననే పంపాడు. మొత్తం కూడి, 312 బస్తాలతో భాగించి మావయ్యగారికి చెప్పాను. వేళ్ల మీద ఏదో లెక్కేసుకుని, "పాత లోడు కంటే నూటనలభై తక్కువే. హమాలీలకి చెప్పినావా?" అన్నారు.

చెప్పలేదు. మేస్త్రి ఫోన్ ఎత్తడం లేదు. రేపు పొద్దున్నే వాళ్ల వీధికి వెళ్లాలి.